తద్దినం నాటి కరెంటు పొయ్యి

కరెంటు పొయ్యి బాగుచెయ్యడంలో గుంటూరు జిల్లా మొత్తం మీద నన్ను మించినవాడు లేడని చాలాకాలం చెప్పుకు తిరిగాను. కాయిలు తెగితే కొసలు రెండూ లాగి, మెలిపెట్టి, కళ్ళు మూసుకుని అతికించేవాణ్ణని, అతికించాక అది పిడుగురాళ్ల సున్నపు బట్టీలా మండేదని, మా వీధి వీధంతా పొయ్యిలు చంకన పెట్టుకుని నా గుమ్మం ముందు వరస కట్టేదని. అందులో నిజమెంతో చెప్పమంటే, ఒకే ఒక్క పొరుగావిడ ఒకే ఒక్కసారి తెచ్చింది. నేను అతికించిన కాయిలు పాలు పొంగేలోపల మళ్ళీ తెగింది. ఆ తరువాత ఆవిడ ఇస్త్రీపెట్టె పాడైనా నాకు చూపించలేదు.

ఎనభైల్లో మాట ఇది. గుంటూరులో ఒక రైతు ఇంట్లో వెనక వాటా అద్దెకు తీసుకుని నేను, నా భార్య, అమ్మ ఉండేవాళ్ళం. గ్యాసుకి పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నాం. అమ్మకి ఆయాసం, పొగ పడదు. అందుకని కుంపటి ఎవరికో ఇచ్చేశాం. కిరసనాయిలు కంపుతో మడి వంట కుదరదని అమ్మ పట్టు. కరెంటుకి మాత్రం అభ్యంతరం చెప్పలేదు. కంటికి కనపడనిదానికి అంటూ సొంటూ ఏముంటుందిరా అనేది. తెల్లటి మట్టి పళ్ళెం, దాని గాడుల్లో చుట్టలు చుట్టిన తీగ. ఆ పొయ్యే మా ఇంటికి దిక్కు.

నాన్నగారి తద్దినం మిరపకాయల రోజుల్లో వచ్చేది. ఆ ఏడు పొయ్యి మొరాయించకూడదని ముందురోజే బజారుకెళ్ళి కొత్త కాయిలు తెచ్చి వేశాను. స్విచ్చి వేసి, ఎర్రగా కాలడం చూసి, ఇంటిల్లిపాదికీ చూపించి పడుకున్నాను.

పొద్దున్న తడిపంచె కట్టుకుని నేను పీటమీద కూర్చున్నాను. పురోహితుడు సంకల్పం చెప్పించాడు. నాన్నగారి బదులు కూర్చుని భోంచెయ్యవలసిన భోక్తలు ఇద్దరూ ముందుగదిలో చాప మీద ఉన్నారు. వాళ్ళు తిని లేచేదాకా అమ్మ మంచినీళ్ళు కూడా ముట్టదు. వేడి వేడి గారెలు విస్తట్లో పడాలి, అదీ ఆవిడ తాపత్రయం. నాన్నగారు బతికున్నన్నాళ్ళూ చల్లారిన గారె ముట్టలేదు మరి.

వంటింట్లో నా భార్య స్విచ్చి వేసింది. టప్పుమని ఫ్యూజు పోయింది.

మంత్రం మధ్యలో లేచి వెళ్ళి ఫ్యూజు తీగ మార్చాను. మళ్ళీ పోయింది. ప్లగ్గులో బల్బు పెట్టి చూస్తే వెలిగింది, అంటే రోగం పొయ్యిలోనే ఉంది. మెయిను ఆపి పొయ్యిని బోర్లించాను. అడుగు నుంచి నా పాదాల మీద నీళ్ళు కారాయి.

అమ్మ వైపు చూశాను.

"నిన్న ఆఫీసు బట్టలతోనే ముట్టుకున్నావు కదరా," అంది అమ్మ. "అందుకని తెల్లారుతూనే రెండు చెంబులు పోసి కడిగాను."

తుడిచాను, విసనకర్రతో విసిరాను. కాసేపు ఎండలో పెడదామంటే పెరడంతా ఇంటివాళ్ళు ఆరబోసిన మిరపకాయలే, కాలు పెట్టడానికి చోటు లేదు. అక్కడే మూడిటుకలు పేర్చి నిప్పు చేద్దామన్నా అంతే. ముందుగదిలోంచి పురోహితుడు, అపరాహ్ణం దాటితే పనికిరాదయ్యా అని కేకేశాడు. కంగారులో రెండు పోగుల ఫ్యూజు తీగ వేసి స్విచ్చి నొక్కాను. తడిపంచె, తడినేల. కరెంటు నన్ను ఎత్తి అవతలి గోడకేసి కొట్టిందని తరువాత అందరికీ చెప్పాను గాని, నిజానికి మోచేతి దాకా జివ్వుమంది, అంతే. కాకపోతే అరుపు మాత్రం గోడకేసి కొట్టినట్టే అరిచాను.

కాయిలు కొస మాడి ఊడిపోయింది. మళ్ళీ మెయిను ఆపి, నాకు తెలిసిన ఒక్క విద్యా ప్రయోగించాను. లాగి, మెలిపెట్టి అతికించాను. ఈసారి భగ్గుమని కాలింది. నా భార్య అన్నం గిన్నె పెట్టింది. ఎసరు సన్నగా పాట అందుకుంది. అమ్మ మొహం తేటపడింది. అంతలో ఫట్‌మని శబ్దం. తడి ఇంకిన మట్టి పళ్ళెం వేడికి నిలువునా రెండుగా పగిలింది.

ఇంటి యజమానురాలు గోల విని వచ్చింది. "పెద్దమ్మగారూ, మా గ్యాసు పొయ్యి కడిగించి పెడతాను, వచ్చి చేసుకోండి," అంది.

"నీ మనసు మంచిదమ్మా," అంది అమ్మ. "ఇది ఆయన పేరున చేసేది. మా పొయ్యి మీదే కావాలి."

కొత్త పొయ్యి తెప్పిద్దామా అని నా భార్య మెల్లిగా నా చెవిన వేసింది. తెప్పించినా దాన్నీ కడగందే అమ్మ ఒప్పుకోదు. అది మా ఇద్దరికీ తెలుసు. ఇక ఆ మాట ఎత్తలేదు.

చివరికి పురోహితుడే దారి చెప్పాడు. వండలేనప్పుడు బియ్యం, పప్పు, కూరలు పచ్చివే ఇవ్వొచ్చు, శాస్త్రం ఒప్పుకుంటుందన్నాడు. అమ్మే చేటలో బియ్యం పోసింది, అరటికాయలు పెట్టింది. భోక్తల్లో పెద్దాయన మూట కట్టుకుంటూ, ఇంటికెళ్ళి వండించుకుంటాంలే అమ్మా, నువ్వేం బాధపడకు అన్నాడు. విస్తళ్ళు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

అందరూ వెళ్ళాక అమ్మ రుబ్బిన మినప్పిండి ముందు కూర్చుంది.

"నీళ్ళు పోస్తేనే చెడిందా?"

"కాదమ్మా. కొట్టువాడు నాసిరకం కాయిలు అంటగట్టాడు."

ఆ మాట నమ్మలేదని తెలుస్తూనే ఉంది. పిండి గిన్నె మీద మూత పెట్టి అడిగింది. "ఒరేయ్, మీ నాన్న తినకుండానే వెళ్ళుంటారా?"

లోకంలో ప్రతిదానికీ ఏదో ఒకటి కల్పించి చెప్పే నాకు, సరిగ్గా అవసరమైనప్పుడు ఒక్క అబద్ధం అందలేదు. అరటిపండ్లు తెచ్చి పక్కన పెట్టాను. మంచినీళ్ళు తెచ్చాను. ఆయన తినంది నేనెలా తింటాను అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇది రాస్తూ, పొద్దుగూకేవేళకి అమ్మ లేచి కాసిని నీళ్ళు తాగిందని రాద్దామనుకున్నాను. తాగలేదు.