నీళ్లలో పడిన చుక్కలు

దేశం కాని దేశంలో, హౌగాంగ్‌లో కర్నూలు ఆంటీ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకుంటున్నాను. పాత శాసనాల్లోని శైవ మఠాల మాన్యాలను కంప్యూటర్ మ్యాపు మీద చుక్కలుగా గుర్తించడం నా పరిశోధన. నాలుగేళ్లుగా అదే చాకిరీ. కొన్ని చుక్కలు కృష్ణా నది నీళ్లలో పడ్డాయి. నీళ్లలో మాన్యాలేమిటని విసుక్కుని, డేటాబేసులోంచి తీసిపారేశాను. పాత ఫైలు కూడా ఉంచుకోలేదు, నా బుద్ధి తగలెయ్య. ఆ మ్యాపుతోనే థీసిస్ ఇచ్చేశాను.

నిన్న ఆంటీ టీ ఇస్తూ తెర మీది నీలిరంగు చూసింది.

"మా ఊరు ఆ నీళ్లకిందనే ఉండాది నాయనా. డ్యామ్ కట్టినప్పుడు మునిగిపాయ. ఆడ మఠం మాన్యం మా నాయనే సేద్యం చేస్తాండె. ఏదీ, యాడుందో చూపీ."

కళ్లద్దాలు పెట్టుకుని నా పక్కన కూర్చుంది. నేను ఖాళీ నీలం మీద మౌస్ తిప్పుతూనే ఉన్నాను.