పన్నెండో ఫొటో

మా మేనమామ రామ్మూర్తి తాటిపాక సెంటర్లో నలభై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిచూపులకి పంపిన ఫొటోలూ, గోడలమీద దండలు వేసుకున్న ఫొటోలూ సగం ఆయన తీసినవే. అలాంటి మనిషి ఇంట్లో, పోయిన అత్తయ్య వెంకటదుర్గ ఫొటో మాత్రం రేషన్ కార్డులోంచి పెద్దది చేయించింది. అందులో ఆవిడ ముక్కు ఎక్కడుందో వెతుక్కోవాలి.

పెళ్ళి ఆల్బమ్ తొంభై ఆరు తుఫాన్లో నానిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఒక ఫొటో తియ్యమని ఎప్పుడడిగినా మావయ్యది ఒకటే మాట.

"ఫిల్ము రోలుకి పన్నెండొస్తాయి. ఆఖరిది నీకేనే."

"ఊరందరి మొహాలూ అయ్యేక గానీ నా మొహం గుర్తుకు రాదన్నమాట. బానే ఉందండి."

ఆఖరిది ఎప్పుడూ మిగిలేది కాదు. ఆ సమయానికి ఎవరో ఒకరు హాల్ టికెట్టు ఫొటో కోసం పరిగెత్తుకొచ్చేవారు. చివరికి పద్దెనిమిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఒకటి మిగిలింది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఆయన తీశాడు. నాలుగోనాడు గుండె ఆగి ఆవిడ పోయింది.

రోలు కెమెరాలోనే ఉండిపోయింది. మందుల్లో కడిగి ఫొటో చేసేస్తే ఇక ఎదురుచూడ్డానికి ఏమీ మిగలదని ఆయన భయం. ఇది మాకెవరికీ చెప్పలేదు.

ఇంజనీరింగ్ మూడో ఏడులో మానేసి ఊరిమీద తిరుగుతున్న నేను, పోయినేడు ఆ కెమెరాని ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టాను. అడగలేదు. మూలపడున్న సామానే కదా అనుకున్నాను. హైదరాబాద్ నుంచి ఎవడో, "బ్రో, లెన్సు వెనక ఫంగస్ ఉందేమో, కెమెరా వెనక తలుపు తీసి ఫొటో పెట్టు" అన్నాడు. మేడమీద ఎండలో తీశాను. లోపల ఏదో కాయితం అడ్డంగా ఉంది. దాన్నీ, దాని కింద రీలునీ వేలితో పక్కకి లాగి ఫొటో కొట్టి మూసేశాను. వాడు కొననూ లేదు.

వారం తిరక్కముందే అమలాపురం కళ్ళ డాక్టరు మావయ్యకి చెప్పేశాడు, రెండు మూడు నెలల్లో చూపు పూర్తిగా పోతుందని. తిరిగొచ్చే బస్సులో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే సతీషూ, మీ అత్తని ఒక్కసారి చూసుకోవాలిరా. కెమెరాలో రోలుంది, కడుగుదాం. మందులెక్కడ దొరుకుతాయో నీ ఫోన్లో చూడు."

అప్పుడు మొత్తం చెప్పాడు. మందుల కోసం ఫోన్లో వెతుకుతుంటే, వెలుతురు తగిలిన రీలు పాడైపోతుందని కనబడింది. కొంచెమైనా మిగిలుంటుందేమోనని మందులు తెప్పించాను.

స్నానాల గది తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, చీకట్లో కడిగాడు. చేతులకి అంతా గుర్తుంది. తడి రీలు కిటికీ దగ్గర ముక్కుకి ఆనించుకుని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు.

"ఇది మాస్టారి మనవరాలు. గెడ్డం దించమ్మా అంటే దించలేదు, సంబంధం కుదిరిందనుకో. ఇది బుచ్చమ్మగారు. మేకని కూడా తియ్యమంది." నవ్వాడు.

పదకొండోదాని అంచు మాడింది. పన్నెండోది ఉత్త నల్లటి ముక్క.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "నా కళ్ళేనేమోరా. నువ్వు చూడు. ఏమైనా ఉందా?"

"ఏం లేదు మావయ్యా."

"వెలుతురు దూరింది. ఎవరైనా కెమెరా తలుపు తీసేరా?"

"లేదు."

"అయితే నేనే. తీసేక రోలు చివరిదాకా తిప్పి పెట్టాలి, అప్పుడే కాయితం చుట్టూ కప్పుకుంటుంది. ఎంతమందికి నేర్పేనో, నేనే తిప్పలేదు."

మా అమ్మ అన్నం క్యారేజీతో వచ్చి, "కనిపించిందా అన్నయ్యా వదిన?" అంది.

"పాడుచేసేనమ్మా. ఉన్న ఒక్కటీ నా చేతులతో పాడుచేసేను."

ఇప్పుడు ఆయనకి చూపు లేదు. ఎవరు పలకరించడానికి వచ్చినా, తప్పు ఒప్పుకుంటున్నట్టు అదే చెబుతాడు. "పోన్లెండి, పెద్దోరు, మర్చిపోతారండి" అని వాళ్ళు సర్దిచెబుతారు. నేను పక్కనే కూచుని వింటుంటాను.