మగ్గం గుంతలో ఎలుక

మా అవ్వ గంగులమ్మ నోరు మంచిదని రాస్తే ధర్మవరంలో ఎవరూ నమ్మరు. మగ్గం చప్పుడు కన్నా ఆమె తిట్టే వీధిలో ముందు వినిపించేది. అంత నోరున్న మనిషి ఆ ఏడాది ఒక్క మాట మింగేసింది. ఆ మాట ఎలుక.

ప్లేగు హిందూపురం దాటి పెనుకొండకు వచ్చిందని జనం గుసగుసలాడుకుంటున్న రోజులవి. ఏ ఇంట్లో ఎలుక చచ్చి పడినా వీధి వీధంతా ఇళ్లు వదిలి, ఊరి బయట చేలల్లో కొట్టాలు వేసుకోవాలి. గంగులమ్మ మగ్గం మీదేమో సగం నేసిన పెళ్లి చీర. పడుగు పోగులు మగ్గం మీదుండగా ఇల్లు వదిలితే ఆ చీర ఎవరి ఒంటికీ అచ్చిరాదని ఆ వీధి నమ్మకం. ఒక పొద్దున ఆమె మగ్గం గుంతలో కాళ్లు పెట్టబోతే అడుగున ఎలుక, పొట్ట పైకి. పిల్లి పనే అని తనకు తానే చెప్పుకుని, చేటలో ఎత్తి దిబ్బలో పూడ్చేసింది. ఆ వీధిలో పిల్లి లేదు.

ఆ మధ్యాహ్నమే పక్కింటి సుబ్బమ్మ తెగిన పోగులు అతికేందుకు వచ్చి, రోజూ లాగే గుంతలోకి కాళ్లు జారవిడిచి కూర్చుంది. గంగులమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసింది.

"ఏమే గంగులూ, ఈ పొద్దు తిట్లు అయిపోయినాయా?" అంది సుబ్బమ్మ.

"నీకోసమే దాచిపెట్టినాలే."

వారం తిరగకుండా సుబ్బమ్మకు జ్వరం కాసింది. గజ్జల్లో గడ్డ లేచింది. వీధి ఖాళీ అయింది. మూటలు నెత్తిన పెట్టుకుని పోయేవాళ్లు ఆమె గడప వైపు చూడలేదు. రోగం తగిలినవాళ్లను కొట్టాల్లోకి రానివ్వరు. ఆమె మొగుడు చీరలమ్మడానికి అమరాపురం వైపు పోయి ఉన్నాడు. గంగులమ్మ కొడుకును తాడిమర్రిలో తన పుట్టింటికి పంపించి, తాను సుబ్బమ్మ ఇంట్లో చాప పరుచుకుంది.

"పోవే, సస్తావు," అంది సుబ్బమ్మ వణికిపోతూ.

"నేను పోతే నిన్ను తిట్టేదెవరు? నోరు మూసుకోని గంజి తాగు."

ఆ గంజి తెచ్చేది చివరింటి మల్లప్ప. సాయంత్రమైతే కొట్టాల నుంచి వచ్చి, వీధి మొదట్లో కుండ పెట్టి, కంచం మీద గరిటెతో కొట్టి దూరంగా జరిగేవాడు. ఖాళీ ఇళ్ల మధ్య ఆ చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చేది. కుక్కలు కూడా మొరిగేవి కావు.

ఒక సాయంత్రం గంగులమ్మ అతన్ని పోనివ్వలేదు.

"మల్లప్పన్నా, నిలబడు. ఎలుక మొదట నా గుంతలోనే పడింది. చీర కోసం దాచినా. సుబ్బమ్మ ఉసురు నాకే తగులుతాది."

మల్లప్ప గరిటెను కంచంలో పెట్టేశాడు. "మా అటక మీద అంతకు ముందే పడినాయిలేమ్మా. నా మగ్గం మీదా పడుగుండె. ఈ వీధిలో ఎలుక పడని ఇల్లు యాడుండాదో నాకు తెల్దు."

గంగులమ్మ మూసిన తలుపులన్నీ చూసింది. ప్రతి తలుపు వెనకా ఒక సగం చీర.

మరునాటికి సుబ్బమ్మ గడ్డ పగిలింది. పగిలితే మనిషి మిగులుతుందని పెద్దలనేవారు. గోడకు ఆనుకుని కూర్చుని, ఆకలవుతోందని అడిగింది. ఆ సాయంత్రం కంచం మోగలేదు.

"మల్లప్ప రాలేదా?"

గంగులమ్మ లేచి పొయ్యి రాజేసింది. ఇంట్లో మిగిలిన రాగిపిండితో గంజి కాచి, సుబ్బమ్మకు ఒక ముంతెడు పోసి, కుండ నెత్తినెత్తుకుని, కంచం, గరిటె చేత పట్టుకుని చేల దారి పట్టింది. కొట్టాల దగ్గర పొయ్యి పొగ లేదు. చేతిలోని కంచం మీద గరిటెతో కొట్టింది. ఎవరూ రాలేదు. మల్లప్పను పేరు పెట్టి తిడుతూ మళ్లీ కొట్టింది.

ఒక తడిక కొంచెం కదిలింది. లోపలి నుంచి మల్లప్ప పెళ్లాం గొంతు.

"ఈడికి రావద్దు గంగులమ్మా. ఆయప్పకు గడ్డ లేచింది. కుండ ఆడే పెట్టిపో."

మా అవ్వ ఎవరి మాట విన్నది గనక. తడిక దాకా నడిచి, దాన్ని తన చేత్తోనే తీసింది.