అమ్మ కుట్టిన రెక్కలు

ఇవాళ ఉదయం ఆరూ నలభైకి మా అమ్మాయి గోళ్ళరంగు సీసా మూత తీసింది. ఆ వాసనకి బరంపురం పక్కన విమానాల మైదానం గుర్తొచ్చింది. సైన్యం వదిలేసిన పాత విమానాన్ని మళ్ళీ ఎగరేయాలని అక్కడ కొందరు జీతం లేకుండా బాగుచేశారు. దాని రెక్కలు చట్రం మీద గుడ్డ తొడిగినవి; ఆ గుడ్డ కుట్టింది మా అమ్మ. దాని మీద పూసిన రంగుదీ ఇదే వాసన.

ఎగిరే రోజున ముసలి పైలట్ నవ్వాడు. "నీ కుట్టు మీద నమ్మకముంటే ముందు నువ్వెక్కు సెల్లీ!"

"నమ్మకం నేకే ఇన్నాళ్ళూ సూదితో ఏళ్ళు పొడుసుకున్నానేటన్నా?" అంటూ అమ్మ కొంగు బిగించి ఎక్కేసింది.

నాకప్పుడు ఏడేళ్ళు. "ఎక్కకే అమ్మా! నువ్వు కుట్టిన నా గౌను సంక కాడ సిరిగిపోనాది!" అని అరిచాను. అందరూ నవ్వారు.

విమానం పరిగెత్తి పైకి లేచింది. మళ్ళీ దిగేదాకా రెక్క చిరగలేదు. నేను గంతులేస్తూ దాని నీడ వెంట పరిగెత్తాను.

గౌను చిరిగింది నేను పెరగడం వల్లనని చాలా ఏళ్ళకి తెలిసింది. అమ్మ పోయాక మా ఇంట్లో ఎవరూ బట్టలు కుట్టడం లేదు.