ఆఖరి పాటలో దేవకుమారి గొంతు

రామచంద్రపురం వెళ్తే దేవకుమారి చేతి చేపల పులుసు తినకుండా తిరిగిరాను. ఆవిడ అంగన్‌వాడీ టీచరు. భర్త రాజ్ కుమార్ ఏళ్ల కిందటే ఇల్లు వదిలిపోయాడు. అతని తల్లి రెబెక్కమ్మను ఆవిడే చూసుకుంటోంది. ఇల్లు మాత్రం అత్తగారిదే. రాజ్ కుమార్ తిరిగి రావాలని వాళ్ల బాప్టిస్టు గుడిలో పాస్టరుగారు ప్రతి ఆదివారం పేరు చదివి, అందరిచేతా ప్రార్థన చేయిస్తారు.

ఆ గుడిలో ప్రార్థన అంటే ఎవరిది వాళ్లు, గొంతెత్తి, అందరూ ఒక్కసారే. పట్టిసీమ వీరభద్రుడి ముందు పెదవి కదపకుండా మొక్కుకునేవాళ్లను చూశాను. అజ్మీరు దర్గాలో చిల్లుల రాతి జాలీకి దారం కట్టి మౌనంగా వెళ్లిపోయేవాళ్లనూ చూశాను. మనసులో మాట దాచుకోవడానికి ఈ హోరును మించిన చోటు నాకెక్కడా తగల్లేదు. ఒకరు ఏమంటున్నారో పక్కమనిషికి వినపడదు.

దేవకుమారి అన్న కొడుకు ఆశీర్వాదానికి ఒక రాక్ బ్యాండుంది. కొబ్బరి పీచు షెడ్డులో సాధన. తమకు తెలిసిందంతా మొదటి ఆల్బమ్‌లోనే పాడేశారు. కవులకూ ఇదే బాధ. మొదటి పుస్తకం చిన్నతనమే రాసిపెడుతుంది, రెండోదానికి వెతుక్కోవాలి. వీడు వెతికి వెతికి గుడి హోరును పట్టుకున్నాడు. పాస్టరుగారి అనుమతితో ఆడవాళ్ల వైపు మైకు పెట్టి రికార్డు చేశాడు. రెండో ఆల్బమ్ ఆఖరి పాటలో గిటార్ల వెనక అది సముద్రంలా వినిపించాలని వాడి ఆశ. కానీ రాజమండ్రిలో మిక్సింగ్ చేసినతనికి ఈ మనుషులెవరూ తెలియదు. హోరులో ఒక గొంతు నచ్చి, దాన్ని పైకి తెచ్చాడు.

ఫైలు వచ్చింది ఆదివారం పొద్దున. ఆరాధన అయ్యాక ఆశీర్వాదం, తానింకా వినకుండానే, గర్వంగా గుడి స్పీకర్లలో పెట్టాడు. ముసలివాళ్లు చెవులు మూసుకుని నవ్వుతూ కూర్చున్నారు. నేనూ ఉన్నాను. ఆఖరి పాటలో డ్రమ్స్ ఆగాయి, గిటార్లు తప్పుకున్నాయి, హోరూ సన్నగిల్లింది. ఒక్క గొంతు మిగిలింది.

"ప్రభువా, వీళ్లడిగేది వినొద్దు. ఆయన్ని తీసుకురావద్దు."

ఆ గొంతు ఎవరిదో అక్కడ తెలియనివాళ్లు లేరు. ఆశీర్వాదం లాప్‌టాప్ మూయబోయి కింద పడేశాడు. దేవకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అత్తగారింట్లో తనకిక చోటు లేదన్నట్టు, ఎదురుగా గోడనే చూస్తోంది.

రెబెక్కమ్మ కోడలి వైపు తిరిగింది. "నా కొడుకు నిన్నేం చేశాడే?"

"మీరు పక్కగదిలోనే ఉండేవారు కదా అత్తయ్యా."

గట్టిగా కూడా అనలేదు.

ఆశీర్వాదం ఏడుపు గొంతుతో వచ్చి, తనకు తెలీదని, ఆ పాట తీసేస్తానని అన్నాడు.

"తీయకురా," అంది దేవకుమారి. "తీస్తే వచ్చేవారం మళ్లీ అడగడం మొదలెడతారు."

పాస్టరుగారికి ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ, ప్రార్థిద్దాం అన్నారు. ఎవరూ గొంతెత్తలేదు.

రెబెక్కమ్మ లేచింది. "మావాడి పేరు ఇంక చదవకండి అయ్యగారూ," అంది. ఎప్పుడూ కోడలి చెయ్యి పట్టుకుని నడిచే మనిషి, ఇవాళ అది అడగలేక, ఒక్కో బల్ల అంచూ తడుముకుంటూ గుమ్మం దాకా వెళ్లింది.