మళ్లీ జారని భుజం

మొన్న మంగళవారం పొద్దున అమీర్‌పేటలో మా పెద్దమ్మ పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. తల్లిలేని నన్ను పెంచిన మనిషి. ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ముందుగా ఆమె కుడి భుజమే గుర్తుకొస్తోంది.

పెద్దమ్మ ఆకుకూరలు అమ్మేది. గంప నెత్తికెత్తుకుని పంజాగుట్ట మీదుగా ఎర్రమంజిల్ బంగళాల దాకా నడిచేది. ఓసారి గంప ఎత్తబోతే భుజం జారింది. పెద్దనాన్న ఆమె చంకలో మడమ ఆనించి చెయ్యి లాగితే మళ్లీ కూర్చుంది. ఆ తర్వాత అదే అలవాటైంది. చేదతో నీళ్లు తోడితే జారేది, చివరికి గట్టిగా తుమ్మినా జారేది. నొప్పికి కళ్లనీళ్లు కారుతున్నా, "గంపకు నా మీద కోపమొచ్చింది బిడ్డా" అని నన్ను నవ్వించేది.

ఆపరేషన్ చేయించుకొమ్మని పోరింది నేనే. ఆసుపత్రిలో మాట్లాడేది ఉర్దూ, బడిలో దాన్ని నాలుగు ముక్కలు నేర్చిన గర్వం నాది. పెద్దాసుపత్రి డాక్టరు భుజం లోపలి పొరలు బిగించి కుట్టాడు. చెయ్యి ఛాతీకి కట్టేసి వారాల తరబడి ఉంచారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా జారలేదు. పెద్దమ్మ వాడంతా చక్కెర పంచింది.

కానీ ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం మానేసింది. గంప ఎవరైనా నెత్తికెత్తాలి. కొప్పు తానే ముడుచుకోలేదు. రోజూ నేనే దువ్వేదాన్ని. పెళ్లయి నేను మాసబ్ ట్యాంక్ వైపు వెళ్లిపోయాక, వారానికోసారి దువ్వెన కొంగున కట్టుకుని అంత దూరమూ నడిచొచ్చేది. మిగతా రోజులు జుట్టు ఎలా ఉంటే అలా.

ఏడాదికోసారి డాక్టరుకు చూపించుకోవాలి. టాంగా ఎక్కి పోయేవాళ్లం. ఆమె ఒడిలో ఆయన కోసం పుంటికూర కట్ట. ఆయన ఉర్దూలో అడిగేవాడు, మళ్లీ జారిందా అని. లేదు. ఇంకేమైనా బాధ ఉందా అని. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే, బాధ సంగతి ఆయనకు చెప్పొద్దని పెద్దమ్మ నా చెయ్యి గిల్లేది.

"మంచిగున్నదని చెప్పు. బాగుచేసిన చేతికి వంక పెట్టొద్దు బిడ్డా."

నేనూ అలాగే చెప్పేదాన్ని. ఆయన సంతోషంగా పుస్తకంలో రాసుకునేవాడు. ఇలా ఏడేళ్లు. నాకు నోరుంది, భాష ఉంది, రెండింటినీ ఆ పుంటికూర కట్ట కింద దాచేశాను.

యుద్ధం రోజుల్లో నొప్పి ముదిరింది. అన్నం ముద్ద నోటి దాకా పోవాలంటే మెడ వంచి నోరే చేతి దగ్గరికి తెచ్చుకునేది. ఆ ఏడు నేను గిల్లుడు లెక్కచేయలేదు, ఉన్నదంతా చెప్పేశాను. డాక్టరు చెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పాడు. లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు. మొదటి రెండేళ్లలో చెప్పి ఉంటే బిగింపు సడలించే దారి వెతికేవాణ్ణి, ఇప్పుడు ఎముకలు ఒకదానికొకటి రాసుకుని అరిగిపోయాయి, ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అని నన్నే అడిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని నాకప్పుడు తెలిసింది.

"ఏమన్నడు బిడ్డా సాబు?" అంది పెద్దమ్మ.

"మంచిగనే ఉన్నదన్నడు."

"చూసినవా మరి, ఉత్తగనే ఫికర్ చేస్తవు" అని ఎడమచేత్తో పుంటికూర కట్ట ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ అబద్ధం ఆమెతో ఎప్పుడూ విప్పి చెప్పలేదు. ధైర్యం చాలలేదు, అంతే.

మొన్న మంగళవారం వాడలోని ఆడవాళ్లు పెద్దమ్మకు ఆఖరి నీళ్లు పోశారు. కొత్త రవిక తొడగడానికి పక్కింటి అక్క ఆ కుడిచేయి పట్టుకుని పైకెత్తబోయింది.

"అక్కా, జర ఆగు. గా చెయ్యి లేపకు, పెద్దమ్మకు నొస్తది" అన్నాను.

అక్క చెయ్యి కిందికి దించింది. ఎవరో కత్తెర తెచ్చారు. రవిక కుడి భుజం కుట్టు విప్పి, చెయ్యి కదపకుండా పైనుంచి కప్పాం.