గాడిద ముక్కులో చపాతీ ముక్కలు

గుణదల కొండ మీద మా ఇల్లు. గుమ్మం దాకా లారీ రాదు. మేడ మీద గది వేసేటప్పుడు ఇటుకలన్నీ ఒక ఆడగాడిదే మెట్లెక్కి మోసింది. దాని యజమానిని బాబాయ్ అనేదాన్ని. వాళ్లకున్నది ఆ ఒక్క గాడిదే. మనుషులతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు, దానితో ఆ ఇబ్బంది లేదు. మిగిలిన చపాతీలు దాచి, ఎవరూ చూడనప్పుడు పెట్టేదాన్ని.

ఆ పూట పెట్టినవి రెండు రోజుల నాటివి. అప్పడాల్లా ఎండిపోయాయి. అది ఆబగా మింగింది. కాసేపటికే మెడ ముందుకు చాచి దగ్గసాగింది. నోటి వెంట చొంగ, రెండు ముక్కుపుటాల నుంచీ నురగ.

"రొంప పట్టిందిలే. మిరియాల కషాయం పోస్తే సరి," అన్నాడు బాబాయ్.

వాళ్లకది అలవాటే. పశువుకు ఏ నలత చేసినా తల పైకెత్తి పట్టుకుని, వెదురు గొట్టంతో గొంతులో మందు పోస్తారు. ఆయన భార్య మా పొయ్యి మీదే కషాయం కాచి తెచ్చింది.

నురగలో తెల్లటి ముద్దలు కనిపించాయి. వంగి చూశాను. నమిలిన చపాతీ. రొంపైతే తిన్నది ముక్కులోంచి ఎందుకొస్తుంది? లోపలికి దిగడం లేదు. దిగని గొంతులో కషాయం పోస్తే అదెటు పోతుంది? ఆపాలంటే నేను చేసిన పని కూడా చెప్పాలి.

"పొయ్యొద్దు బాబాయ్. గొంతులో అడ్డం పడింది. ఎండు చపాతీలు నేనే పెట్టాను."

"ఓర్నాయనో, ఈ పాపకి మాటలొచ్చే!" అంది ఆయన భార్య. "కాలేజీలో నువ్వు చదివేది గాడిదల చదువా ఏంటి? తప్పుకో, కషాయం చల్లారిపోద్ది."

"తప్పుకోను పిన్నీ."

ఆమె చేతిలోని గొట్టం లాక్కుని, పశువుల డాక్టరు గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ముక్కులోంచి మేత వస్తోందా?" ఆయన గొంతు మారింది. "ఏమీ తాగించకండి, తినిపించకండి. తల పైకెత్తొద్దు, కిందికే ఉండనివ్వండి. రేపటిదాకా ఆగే పని కాదిది. నేను బయల్దేరుతున్నా."

బాబాయ్ నావైపు ఒకసారి చూసి, గాడిద గడ్డం కింది నుంచి చేయి తీసేశాడు.

డాక్టరు గారు వచ్చి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. ముక్కులోంచి సన్నని గొట్టం దింపి, నీళ్లు కొద్దికొద్దిగా పంపుతూ పిండిముద్దలు బయటికి రాబట్టారు. చాలాసేపటికి దారి తెరుచుకుంది.

"ఆ కషాయం పోసుంటే ఊపిరితిత్తుల్లోకి పోయేదండీ," అన్నారు బాబాయ్‌తో. దగ్గు, జ్వరం వస్తే వెంటనే కబురు చెయ్యమని, కొన్నాళ్లు నానబెట్టిన మేతే పెట్టమని చెప్పారు.

డైరీలో ముందు నా తప్పు రాసుకున్నాను. దాని కింద: చాచిన మెడ, చొంగ, ముక్కులో మేత. ఇవి కనిపిస్తే ఆగకూడదు.

వారం తర్వాత అది ఇటుకలు లేకుండా మెట్లెక్కి వచ్చింది. నానబెట్టిన తవుడు బేసిన్‌తో ఎదురెళ్లాను.

"ఏం పాపా, ఈసారి అందరి ముందే పెడుతున్నావే?"

"అందరూ చూడాలనే బాబాయ్."